కొలత కన్నా ముందు వరుస నేర్చుకోండి

ఫోనులో వంటకం తెరిచి పెట్టుకోకపోతే చెయ్యి కదలడం లేదని, ఒక్క దినుసు లేకపోయినా ఆ వంటే మానేస్తున్నానని రాశారు. ఏదీ చూడకుండా, ఇంట్లో ఉన్నవాటితో వండడం ఎలా అలవాటవుతుందని అడిగారు. నాకది పుణెలో, ఒంటి పొయ్యి ఉన్న అద్దెగదిలో అలవాటైంది.

2011లో ఉద్యోగం కోసం అక్కడికి వెళ్ళేటప్పుడు అమ్మ చెప్పినవన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. దేనిలో ఏమేమి పడతాయో, ఎంతెంత పడతాయో అన్నీ ఉన్నాయి. ఏది ఎప్పుడు వేయాలో మాత్రం రాసుకోలేదు. మొదటి ఆదివారం గ్లాసు కందిపప్పు, మూడు గ్లాసుల నీళ్ళు, చింతపండు రసం, ఉప్పు, కారం కలిపి కుక్కరులో పెట్టాను. ఆరు విజిల్స్ వచ్చినా పప్పు బద్దలు బద్దలుగానే ఉంది. పాత సరుకేమోనని కొత్త పప్పు కొన్నాను. మళ్ళీ అంతే. అమ్మకు ఫోను చేస్తే ఒకటే అడిగింది: "పులుపు ముందే పోశావా?"

పులుపు తగిలితే పప్పు మెత్తబడదు. ముందు పప్పు ఉడకాలి, మెదపాలి, ఆ తర్వాతే చింతపండు రసం. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నా వరుస తప్పింది. ఆ రోజు నుంచి ఎవరు వండుతున్నా ఎంత వేస్తున్నారని కాక, ఎప్పుడు వేస్తున్నారని చూడడం మొదలుపెట్టాను. ఎంత వేయాలన్నది రుచి చూసి సరిదిద్దుకోవచ్చు. వంటల పుస్తకాలు కూడా అన్నిటికన్నా ముఖ్యమైన ఉప్పు దగ్గరికి వచ్చేసరికి "తగినంత" అని మీకే వదిలేస్తాయి కదా! వరుస తప్పితే మాత్రం దిద్దుకోవడం కష్టం.

పోపునే చూడండి. శనగపప్పు, మినపప్పు వేగడానికి సమయం పడుతుంది కాబట్టి నూనెలో ముందు అవే పడాలి. అవి దోరగా మారుతుండగా ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి. ఇంగువ, కరివేపాకు చివర్లో. మెంతులు వేస్తే కళ్ళు వాటి మీదే ఉండాలి. ఎర్రబడితే కమ్మన, నల్లబడితే చేదు. ఇక్కడ గడియారం పనికిరాదు. ఆవాల చిటపట, పప్పుల రంగు, మెంతుల వాసన, ఇవే మీకు కొలతలు. వారం రోజులు పోపు పెట్టేటప్పుడు ఫోను పక్కన పెట్టి, చెవి, ముక్కు అప్పగించి నిలబడండి.

ఇక దినుసు లేనప్పుడు ఏం చేయాలన్నది. ఒకసారి చింతపండు అయిపోయింది. పక్కింటి మరాఠీ ఆజీ, అంటే బామ్మగారు, గుప్పెడు కోకం ఇచ్చారు. ఒక పండు తొక్కను ఎండబెట్టినది, ముదురు ఊదా రంగులో ఉంటుంది. నానబెట్టి ఆ నీళ్ళతో సొరకాయ పులుసు పెట్టాను. పులుపు చక్కగా కుదిరింది గానీ పులుసు నీళ్ళలా జారిపోయింది. అప్పుడు తెలిసింది, చింతపండు పులుసులో రెండు పనులు చేస్తోందని. పులుపూ ఇస్తుంది, దాని గుజ్జు చిక్కదనమూ ఇస్తుంది. కోకం మొదటి పని మాత్రమే చేసింది. రెండో పనికి చెంచా బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోశాను, పులుసు దగ్గరపడింది. ఆజీ అయితే వేయించిన వేరుశనగ పొడి వేసేవారు. నిజం చెప్పాలంటే సొరకాయకు అదే ఎక్కువ నప్పుతుంది. అదే ఊళ్ళో మన గోంగూర అంబాడీ అన్న పేరుతో దొరుకుతుందని కూడా ఆవిడే చెప్పారు. ఆ రోజు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి ఒక వస్తువు లేనప్పుడు దాని బదులు ఏమిటని వెతకకండి. అది ఆ వంటలో ఏ పని చేస్తోందో, ఎన్ని పనులు చేస్తోందో అడగండి. నిమ్మరసం పులుపు ఒక్కటే ఇస్తుంది, అదీ పొయ్యి కట్టేశాక పిండితేనే, మరిగితే చేదెక్కుతుంది. టమాటా పులుపుతోపాటు నీళ్ళు కూడా తెస్తుంది, ఆ నీళ్ళు ఇగిరేదాకా ఆగాలి. పెరుగు పులుపూ చిక్కదనమూ ఇస్తుంది, కానీ ఉత్తదాన్ని మరిగిస్తే విరుగుతుంది. మజ్జిగ పులుసులో శనగపిండి కలిపేది అందుకే.

కూరగాయలను నేను నీటిని బట్టి చూస్తాను. బీరకాయ, సొరకాయ తమ నీళ్ళలో తామే మగ్గుతాయి, చుక్క కూడా పోయనక్కరలేదు. బెండకాయకు నీరే శత్రువు. కడిగి, తుడిచి, ఆరాక కోసి, మూత లేకుండా వేయించి, ఉప్పు చివర్లో వేస్తే జిగురు బాధ ఉండదు.

ఉప్పు ఎక్కువైతే బంగాళాదుంప ముక్క వేయమని చాలామంది చెబుతారు. నేను నాలుగైదు సార్లు వేసి చూశాను. ముక్క ఉప్పగా అయింది, పులుసు ఉప్పదనం ఏమీ తగ్గలేదు. ఉప్పు వేయకుండా ఉడికించిన పప్పు గానీ, కూరగాయ ముక్కలు గానీ కలిపి వంట పెంచడమే దారి. అంతకన్నా మంచిది, మొదట సగమే వేసి, దించే ముందు రుచి చూసి మిగతాది వేయడం.

మీరు ఎక్కడ మొదలుపెట్టాలంటే నా సలహా ఒకటే. ఒక నెలపాటు పప్పు ఒక్కటే తీసుకోండి. ఒకరోజు టమాటా, ఒకరోజు మామిడికాయ, ఒకరోజు గోంగూర, మరోరోజు పాలకూర వండి చివర్లో నిమ్మకాయ. పోపు అదే, పప్పు అదే, పులుపు మాత్రం మారుతుంది. ఏ పులుపుకు కారం ఎంత పెంచాలో, దేనికి చిటికెడు బెల్లం కావాలో నాలుకకే తెలిసిపోతుంది. పది వంటలు ఒక్కోసారి చేయడం కన్నా ఒక్క వంట పదిసార్లు చేయడం వల్లే నాకు చెయ్యి తిరిగింది.

రెండు చోట్ల మాత్రం ఈ స్వేచ్ఛ వద్దు. ఆవకాయలో ఉప్పు రుచికోసమే కాదు, నిలవ ఉండడానికి కూడా. తగ్గితే జాడీ అంతా బూజు పడుతుంది. కేకులో వంటసోడా, పిండి పాళ్ళు తప్పితే ఓవెన్‌లోకి వెళ్ళాక సరిదిద్దే వీలుండదు. ఆ రెండింటికీ నేను ఇప్పటికీ త్రాసు బయటికి తీస్తాను.