నీట్ తర్వాత మిథైలేషనా? చిత్తూరు తండ్రికి జవాబు

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. మామిడి నర్సరీ నడుపుతున్నాను. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో ప్రభుత్వ సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు పంపుతానంటే వద్దంటోంది. డీఎన్ఏ మిథైలేషన్ మీద, మనుషుల లక్షణాలు తరం నుంచి తరానికి ఎలా వస్తాయన్న దాని మీద పరిశోధన చేస్తానంటోంది. ఈలోగా ఒక ఏజెంటు వచ్చి, పక్క రాష్ట్రంలో జెనెటిక్స్ బీఎస్సీ సీటు ఇప్పిస్తానని నాలుగు లక్షలు అడుగుతున్నాడు. మా ఇంట్లో మూడు తరాలుగా షుగర్ ఉంది. ఈ చదువుతో దాన్ని తప్పించే దారి దొరుకుతుందని అమ్మాయి నమ్మకం. ఇది కూడు పెట్టే చదువేనా?

జవాబు: ముందు ఏజెంటు సంగతి తేల్చేద్దాం. డబ్బు ఇవ్వకండి. చాలా ఏళ్ల కిందట ఇలాగే కోర్సు పేరు చూసి మురిసిపోయి ఒక కుర్రాణ్ణి నేనే ఒక ప్రైవేటు కళాశాలకు పంపాను. డీఎన్ఏను పెంచి చూపే పీసీఆర్ యంత్రం అక్కడ ఉంది, నిజమే. మూడేళ్లూ దాని మీద గుడ్డ కప్పే ఉందట. తనిఖీకి వచ్చినవాళ్ల కోసం ఒక్కరోజు తీశారట. ఆ సలహా ఇచ్చింది నేనే కాబట్టి అప్పటి నుంచి కోర్సు పేరు చూసి ఎవరికీ సలహా ఇవ్వడం లేదు.

ఇక అసలు విషయం. మీరు నర్సరీ వారు కాబట్టి ఇది మీకు తేలిగ్గా అర్థమవుతుంది. ఒకే తల్లిచెట్టు నుంచి తీసిన తోతాపురి కొమ్మలతో వంద అంట్లు కట్టారనుకోండి. పైకొమ్మ వరకు వంద మొక్కల్లోనూ డీఎన్ఏ ఒకటే. అయినా ఆకు ఆకులా, పువ్వు పువ్వులా, టెంక టెంకలా ఎలా తయారవుతున్నాయి? ఏ కణంలో ఏ జన్యువు పని చేయాలో, ఏది మూసుకుని ఉండాలో చెప్పే గుర్తులు డీఎన్ఏ మీద ఉంటాయి. వాటిలో ఒకటి మిథైల్ గుర్తు. అది డీఎన్ఏ మీద పడడాన్నే మిథైలేషన్ అంటారు. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, అంతే దాని పరిమాణం. మనుషుల్లో అది ఎక్కువగా సైటోసిన్ అనే అక్షరం పక్కన గ్వానిన్ ఉన్నచోట, ఆ సైటోసిన్ మీద వాలుతుంది. మనిషి జన్యురాశిలో, అంటే మొత్తం డీఎన్ఏలో, అలాంటి చోట్లు సుమారు 2.8 కోట్లు ఉన్నాయి. (మీ తోటలో చెట్టుకూ చెట్టుకూ కనిపించే తేడా అంతా దీనివల్లేనని అనుకోకండి. నీరు, మట్టి, కింద ఉన్న వేరుమొక్క, ఇవన్నీ ఉన్నాయి.)

ఈ గుర్తులను ఎలా చదువుతారో మీ అమ్మాయికే చెబుతాను. అమ్మా, ఒక కాగితం తీసుకో. ఈ తొమ్మిది అక్షరాలు రాయి: ఎ సి జి టి సి సి ఎ సి జి. డీఎన్ఏను రాసేది ఈ నాలుగు అక్షరాలతోనే; సి అంటే సైటోసిన్, జి అంటే గ్వానిన్. బైసల్ఫైట్ అనే రసాయనంతో డీఎన్ఏను కడిగితే మిథైల్ గుర్తు లేని ప్రతి సి మారిపోయి, యంత్రం చదివేటప్పుడు టి లాగా కనిపిస్తుంది. గుర్తు ఉన్న సి మాత్రం సి గానే నిలుస్తుంది. పై వరసలో మొదటి సి మీద మాత్రమే గుర్తు ఉందనుకో. కడిగిన తర్వాత ఏమొస్తుంది? ఎ సి జి టి టి టి ఎ టి జి. ఇంతవరకు పదో తరగతి పిల్లలూ చేస్తారు. ఇప్పుడు చివరి జి ముందున్న టి ని చూడు. అక్కడ గుర్తు లేని సి ఉండి టి గా మారిందా, లేక ఆ మనిషికి పుట్టుకతోనే అక్కడ టి ఉందా? కడిగిన ఆ ఒక్క పోగును చూసి చెప్పలేం. పైగా మిథైల్ గుర్తు ఉన్న సి కాలక్రమంలో టి గా మారిపోయే అవకాశం మామూలు సి కన్నా ఎక్కువ. అందుకని ఇలాంటి చిక్కు సరిగ్గా ఈ చోట్లలోనే ఎక్కువగా ఎదురవుతుంది. జన్యు తేడా ఏది, దాని మీది గుర్తు ఏది అని విడదీయడమే నువ్వు చేస్తానంటున్న పరిశోధనలో సగం పని. ఈ ముడి చూసి నీకు చిరాకు వేసిందా, రాత్రి నిద్రపోకుండా ఆలోచించాలనిపించిందా? ఆ జవాబు నీ దగ్గరే ఉంచుకో, కానీ అబద్ధం చెప్పుకోకు.

మిగతా సగం లెక్కలు. బైపీసీ పిల్లలకు ఈ మాట ఎవరూ ముందుగా చెప్పరు, అందుకే నేను గట్టిగా చెబుతున్నాను. పరిశోధకులు విరివిగా వాడిన ఒక చిప్ మనిషి రక్తంలో సుమారు ఎనిమిదిన్నర లక్షల చోట్ల మిథైల్ గుర్తులను ఒకేసారి కొలుస్తుంది. షుగర్ ఉన్నవారినీ లేనివారినీ పోల్చి, నూటికి అయిదు పొరపాట్లు ఫరవాలేదనుకుంటే ఏమవుతుంది? అసలు ఏ తేడా లేకపోయినా 42,500 చోట్ల తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. పుస్తకంలో జన్యుశాస్త్రం ఎంత బాగా చదివినా, ఈ గడ్డివాములోంచి సూదిని తీసేది గణాంకశాస్త్రమే. ఇంకో తలనొప్పి ఉంది. రక్తంలో రకరకాల తెల్లకణాలు ఉంటాయి, ఒక్కో రకానికి ఒక్కో మిథైల్ వరస. జ్వరం వచ్చినప్పుడు ఆ కణాల పాళ్లు మారతాయి. గుర్తులే మారాయని మనం పొరబడతాం.

కారణం ఏది, ఫలితం ఏది అన్నది మరీ పెద్ద చిక్కు. ఒళ్లు పెరగడానికీ మిథైల్ గుర్తులకూ సంబంధం చూపిన ఒక పెద్ద అధ్యయనం 2017లో వచ్చింది. పుట్టుకతో వచ్చిన జన్యు తేడాలను ఆసరాగా తీసుకుని లోతుగా వెతికితే, ఆ గుర్తుల్లో ఎక్కువ భాగం ఒళ్లు పెరిగిన తర్వాత వచ్చిన మార్పులేనని తేలింది. గుర్తు వల్ల ఒళ్లు రాలేదు, ఒంటి వల్ల గుర్తు వచ్చింది.

ఇక్కడే మీ ఇంటి షుగర్ మాట వస్తుంది. రెండో ప్రపంచయుద్ధం చివర, 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చింది. ఆ కరువు రోజుల్లో కడుపున పడ్డవారిని సుమారు అరవై ఏళ్ల తర్వాత పరీక్షిస్తే, ఐజీఎఫ్2 అనే జన్యువు మీద మిథైల్ గుర్తులు వారి తోబుట్టువుల కన్నా తక్కువగా ఉన్నాయి. మన దేశంలో పుణెలో జరిగిన అధ్యయనం మరీ మనసుకు పట్టేది. గర్భంతో ఉన్నప్పుడు విటమిన్ బి12 తక్కువగా, ఫోలేట్ అనే మరో విటమిన్ ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో ఆరేళ్లకే ఇన్సులిన్ సరిగా పనిచేయని లక్షణం ఎక్కువగా కనిపించింది. అంటే అమ్మాయి పట్టుకున్న దారం ఒట్టిది కాదు. కానీ మీ ఇంట్లో షుగర్‌ను మిథైల్ గుర్తులు మార్చి ఆపే వైద్యం ఈరోజు లేదు. అలా చెప్పి ఎవరైనా పరీక్షో పొడో అమ్మితే కొనకండి. మీ ఇంట్లో ఇప్పటికి పనికొచ్చేది పళ్లెంలో అన్నం తగ్గించడం, నడక, ఏటా రక్తపరీక్ష. క్యాన్సర్‌లో మాత్రం సంగతి వేరు. మిథైలేషన్‌ను తగ్గించే అజాసిటిడిన్ వంటి మందులు వైద్యుల చేతిలో ఇప్పటికే ఉన్నాయి. ఒక రకం మెదడు కణితికి వాడే ఒక మందు బాగా పనిచేస్తుందో లేదో చెప్పడానికి ఎంజీఎంటీ జన్యువు మీది గుర్తును పరీక్షిస్తున్నారు. ఆసుపత్రి ఉద్యోగాలు వచ్చేదీ ఇటువైపే.

మనుషుల లక్షణాల సంగతికొస్తే, ఎత్తు ఒక్కదానికే 2022లో 54 లక్షల మందిని పరిశీలించి 12,111 జన్యు తేడాలు పట్టుకున్నారు. ఐరోపా మూలాల వారిలో ఎత్తు తేడాలో 40 శాతాన్ని అవి వివరిస్తాయి. మిగతా జాతుల వారిలో 10 నుంచి 20 శాతమే. పరీక్షించిన వారిలో ముప్పాతిక మంది ఐరోపా వారే అయితే అలాగే ఉంటుంది మరి. ఈ లోటు తీర్చడానికి మన దేశంలో 2020లో జీనోమ్ ఇండియా అనే పథకం మొదలైంది. 83 జనసమూహాల నుంచి సుమారు పదివేల మంది జన్యురాశులు చదివి, 2025 జనవరిలో ఆ సమాచారాన్ని పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. దాన్ని చదవగలిగిన మనవాళ్లు కావాలి. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతం వారికి ఇందులో ప్రత్యేకమైన పని ఉంది. మేనమామను చేసుకుంటే పుట్టే బిడ్డకు సగటున ఎనిమిదో వంతు చోట్ల, మేనమామ కొడుకును చేసుకుంటే పదహారో వంతు చోట్ల, తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఒకే పూర్వీకుడి డీఎన్ఏ నకలు రెండుసార్లు వస్తుంది. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని మానవశాస్త్ర విభాగం వారికి ఇది పాత విషయమే.

ఇప్పుడు దారి. నా మొదటి ఎంపిక ఏర్పేడు దగ్గరున్న ఐసర్ తిరుపతి, సైన్సు చదువుకూ పరిశోధనకూ పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. బైపీసీ వారు కూడా దాని ప్రవేశపరీక్ష, ఐఏటీ, రాయవచ్చు. మూడు గంటల్లో అరవై ప్రశ్నలు. జీవ, రసాయన, భౌతిక శాస్త్రాలకూ గణితానికీ తలా పదిహేను. గణితం పదిహేనూ వదిలేస్తే సీటు కష్టం. ఉత్తీర్ణత సంవత్సరం షరతు నోటిఫికేషన్‌లో చూసుకుని, అవకాశం ఉంటే వచ్చే ఏడాది రాయించండి. లాంగ్‌టర్మ్‌కు పోసే డబ్బులో కొంత గణితం ట్యూషన్‌కు పెడితే చాలు. ఇంటర్ బోర్డులో పై ఒక శాతంలో ఉంటే కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ ఉపకారవేతనం ఏడాదికి 80,000 రూపాయలు వచ్చే వీలుంది.

అది దక్కకపోయినా బెంగ వద్దు. తిరుపతిలోనో చిత్తూరులోనో మంచి డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రమో బయోటెక్నాలజీయో మేజర్‌గా తీసుకుని, మైనర్‌గా గణాంకశాస్త్రమో కంప్యూటర్సో ఇస్తారా అని అడగండి. ఇవ్వకపోతే కళాశాల మార్చండి, మేజర్ మార్చకండి. పీజీకి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలో బయోటెక్నాలజీ, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు హ్యూమన్ జెనెటిక్స్, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం చూడండి. పీహెచ్‌డీకి హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలు ఉన్నాయి.

కూడు సంగతి అడిగారు. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష రాసి, పీహెచ్‌డీ చేసేవారికిచ్చే జేఆర్ఎఫ్ ఉపకారవేతనం తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, ఇంటి అద్దె వేరు. కానీ పీహెచ్‌డీ చేతికొచ్చేసరికి అమ్మాయికి ఇరవై ఎనిమిదో ఇరవై తొమ్మిదో ఉంటాయి. పెళ్లి మాట ఎత్తకుండా అప్పటిదాకా ఆగగలరా అన్నది మీరూ ఆమె తల్లీ ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం. అంత కాలం వద్దనుకుంటే ఎమ్మెస్సీ తర్వాత జన్యు పరీక్షల కంపెనీల్లో సమాచార విశ్లేషణ ఉద్యోగాలున్నాయి. అవి ఎక్కువగా బెంగళూరు, హైదరాబాద్, చెన్నైల్లోనే. చిత్తూరు నుంచి బెంగళూరు, చెన్నై రెండూ హైదరాబాద్ కన్నా దగ్గర. అక్కడ అడిగేదీ లెక్కలే, కంప్యూటరే.

ఈ వేసవిలో ఒక పని చేయండి. ఆర్ అనే కంప్యూటర్ భాష ఉచితం. పరిశోధకులు ప్రచురించిన మిథైలేషన్ కొలతలు కూడా చాలావరకు ఉచితంగానే దొరుకుతాయి. ఏజెంటు అడిగిన నాలుగు లక్షల్లో ఒక ల్యాప్‌టాప్‌కు సరిపడా తీసి అమ్మాయికి కొనివ్వండి. రెండు నెలల్లో ఆ అంకెల పట్టికను తెరిచి, ఒక చిన్న బొమ్మ గీసి మీకు చూపించి, ఏ చుక్క ఏమిటో మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే, ఆ కాగితం నాకూ పంపండి.