రెగ్యులర్ ఆర్మీ ఉండగా టెరిటోరియల్ ఆర్మీ ఎందుకు? అందులో చేరితే లాభం ఉందా?

మీ తమ్ముడు ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి టెరిటోరియల్ ఆర్మీ (టీఏ) భర్తీ ర్యాలీకి వెళ్తానంటున్నాడని, బంధువులేమో "అదేం సైన్యం, పిలిస్తే పోవాలి, లేదంటే ఇంట్లో కూర్చోవాలి" అని వెనక్కి లాగుతున్నారని రాశారు. నేను ఇన్‌ఫెంట్రీ టీఏ బెటాలియన్‌లో జవానుగా చేసి వచ్చాను. వాళ్ల మాటలో పిలుపు సంగతి నిజమే. "అదేం సైన్యం" అనడం మాత్రం శుద్ధ తప్పు.

1948 చట్టంతో ఏర్పడి, 1949 అక్టోబరు 9న రాజాజీ చేతుల మీదుగా మొదలైన దళం ఇది. మామూలప్పుడు సొంత ఉద్యోగమో పనో చేసుకుంటూ, పిలుపు వస్తే యూనిఫాం వేసుకునేవాళ్ల సైన్యం. 1962, 1965, 1971 యుద్ధాల్లో టీఏ యూనిట్లు పనిచేశాయి. పిలుపు మీద యూనిట్‌లో ఉండే కాలాన్ని ఎంబాడీమెంట్ అంటారు. అప్పుడు జీతం, రేషన్, క్యాంటీన్, వైద్యం అన్నీ రెగ్యులర్ జవానుకు ఎలాగో మనకూ అలాగే. 162 టీఏ బెటాలియన్ లాన్స్ నాయక్ నజీర్ అహ్మద్ వాని సంగతి మీ బంధువులకు చెప్పండి. ఒకప్పుడు మిలిటెన్సీలో ఉండి, దాన్ని వదిలేసి టీఏలో చేరిన కశ్మీరీ ఆయన. 2018 నవంబరులో షోపియాన్‌లో ఉగ్రవాదులతో పోరాడుతూ ప్రాణాలిచ్చారు. 2019లో అశోక చక్ర వచ్చింది. శాంతికాలంలో అంతకు మించిన శౌర్య పురస్కారం మన దేశంలో లేదు.

ఇక మేమెందుకు అంటే, ఆయుధాల డిపోలు, వంతెనలు, కాన్వాయ్‌లు నడిచే రోడ్లు ఎవరో ఒకరు రాత్రింబవళ్లు కాయాలి. ఆ కాపలాకు రెగ్యులర్ ఆర్మీ పటాలాన్ని పెట్టేస్తే సరిహద్దుకు వెళ్లేవాళ్లు తగ్గిపోతారు. మేం ఆ పని అందుకుంటే వాళ్లు ముందుకు కదులుతారు. 2025 మేలో పాకిస్తాన్‌తో ఉద్రిక్తతలు పెరిగినప్పుడు 32 ఇన్‌ఫెంట్రీ టీఏ బెటాలియన్లలో 14ను పిలిపించడానికి కేంద్రం అనుమతి ఇచ్చింది కూడా ఇందుకే.

కశ్మీర్‌లో నేను ఎక్కువగా చేసింది ఆర్‌ఓపీ, అంటే రోడ్ ఓపెనింగ్ పార్టీ డ్యూటీ. తెల్లారకముందే బయలుదేరి రోడ్డుకు రెండు పక్కలా నడుస్తూ కల్వర్టుల కింద, మట్టి గుట్టల్లో, పారేసిన డబ్బాల్లో ఏమైనా పెట్టారేమో చూడాలి. ఆఖరి కాన్వాయ్ దాటేదాకా అక్కడే నిలబడాలి. మా సెక్షన్‌లో జహీరాబాద్ వైపు రైతు ఒకాయన ఉండేవాడు. ఒకరోజు అందరం దాటి వచ్చేసిన చోట ఆయన ఆగిపోయాడు. "ఈ మట్టి రాత్రి తవ్విందన్నా, పైపొర చూడు, మంచు పట్టలేదు" అన్నాడు. కాన్వాయ్ ఆపించి, ఇంజనీర్లను పిలిపించి చూస్తే ఊరివాళ్లు తోటకు వేసుకున్న నీళ్ల పైపు. ప్రమాదం ఏమీ లేదు. అయినా సుబేదార్ సాబ్ ఆయన భుజం తట్టి, తర్వాత ప్రతి ఆర్‌ఓపీలోనూ ఆయన్ని ముందు నడిపించారు. మట్టిని అలా చదవడం ఏ ట్రైనింగ్ సెంటరూ నేర్పదు, పొలంలో పుట్టి పెరిగితేనే వస్తుంది.

నాకు తెలిసి టీఏ అసలు బలం ఇదే. మనిషి తన పనితనంతో సహా వస్తాడు. ఓఎన్‌జీసీ, ఇండియన్ ఆయిల్, రైల్వేల ఉద్యోగులతోనే టీఏ యూనిట్లు కట్టడంలో ఉన్న ఆలోచన కూడా ఇదే. యుద్ధమొచ్చినా, ఇంకేదైనా ఆపద వచ్చినా చమురు, రైళ్లు ఆగకూడదంటే ఆ పని చేతికి వచ్చినవాళ్లే యూనిఫాంలో ఉండాలి కదా. 1982లో సున్నపురాయి గనులతో బోడిబారిన ముస్సోరి కొండల మీద మళ్లీ చెట్లు పెంచడానికి మాజీ సైనికులతో 127 ఎకలాజికల్ బెటాలియన్ పెట్టారు. అది కూడా టీఏనే. నన్నడిగితే దేశానికి అదీ సేవే, ఏమాత్రం తక్కువది కాదు.

ఇబ్బందులూ ఉన్నాయి. డిసెంబాడీ చేసి ఇంటికి పంపితే ఆ రోజు నుంచి జీతం ఆగిపోతుంది. జవానుకు పెన్షన్ రావాలంటే ఎంబాడీమెంట్‌లో గడిపిన కాలమే 15 ఏళ్లు నిండాలి, ఇంట్లో ఉన్న కాలం లెక్కలోకి రాదు. ఆ 15 ఏళ్లు నిండక ఉత్త చేతులతో దిగిపోయినవాళ్లను చూశాను, ఇప్పటికీ బాధేస్తుంది. పిలుపు మీద వెళ్లిన మనిషిని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలని చట్టంలో 7ఏ సెక్షన్ చెబుతోంది. కానీ నేను పనిచేసే వర్క్‌షాప్‌లో రెండోసారి పిలుపు వచ్చినప్పుడు యజమాని మొహం మాడ్చుకున్నాడు. ఆ సెక్షన్ ఉన్న కాగితం చూపించి మాట్లాడాకే దారికొచ్చాడు.

అందుకే మీ తమ్ముణ్ని వెళ్లనివ్వండి, కానీ ఎలక్ట్రీషియన్ పని మాత్రం వదలనివ్వకండి. వయసు 18 నుంచి 42 దాకా అవకాశం ఉంది కాబట్టి ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది, తొందరేమీ లేదు. సికింద్రాబాద్‌లో 125 టీఏ బెటాలియన్ (గార్డ్స్) ఉంది, ర్యాలీ ప్రకటనలు గమనిస్తూ ఉండమనండి. 1.6 కిలోమీటర్ల పరుగు ఇప్పటి నుంచే ప్రాక్టీస్ చేయాలి, మైదానంలో సగం మంది అక్కడే ఆగిపోతారు. ఐటీఐ సర్టిఫికెట్ ఒరిజినల్ వెంట ఉండాలి. సీటు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బులు అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.