జనం లేని ఊరు కావాలంటే బోస్కో గురిన్ వెళ్ళండి

స్విట్జర్లాండ్‌లో రద్దీ లేని చిన్న ఊరు, పిల్లలతో వెళ్ళగలిగేది చెప్పమన్నారు. నేనైతే బోస్కో గురిన్ అంటాను. జ్యూరిక్‌లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నా, మనవాళ్ళు ఎవరొచ్చినా టిట్లిస్ లేదంటే యుంగ్‌ఫ్రౌ మంచుకొండ, మంచులో చీర కట్టుకుని ఫోటో, మళ్ళీ కిందికి. వద్దనడానికి నేనెవరిని గానీ, నాలుగోసారి తీసుకెళ్ళేసరికి నాకే విసుగొచ్చింది.

లొకార్నో నుంచి చెవియో దాకా ఒక బస్సు, అక్కడ మారితే అన్నీ వంపులే. మావాడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, కవర్లు పెట్టుకోండి. టిచీనో అంతా ఇటాలియన్ మాట్లాడే రాష్ట్రం, అందులో తరతరాలుగా జర్మన్ మాట్లాడే ఊరు ఇదొక్కటే. 1500 మీటర్ల ఎత్తు. ఊళ్ళో ఉండేవాళ్ళందరినీ కలిపినా మన అపార్ట్‌మెంట్‌లో ఒక బ్లాకు నిండదు. 13వ శతాబ్దంలో స్విట్జర్లాండ్‌లోనే ఉన్న వాలిస్ వైపు నుంచి కొండలు దాటొచ్చిన వాల్సర్లు, అంటే జర్మన్ మాట్లాడే వలసజనం, కట్టుకున్న ఊరు, 1253 నాటికే చర్చి ఉంది.

బస్సులో నేర్చుకున్న ‘బోన్‌జోర్నో’ని మడిలో బంగాళాదుంపలు తవ్వుతున్న ఒక పెద్దావిడ మీద ప్రయోగించాను. ఆవిడ ఇటాలియన్‌లోనే పలకరించింది గానీ, మావాడు స్విస్ జర్మన్‌లో ఏదో గొణగడం విని ఠక్కున వాళ్ళ భాషలోకి మారిపోయింది. డబ్బు కట్టి నేర్చుకున్న నా జర్మన్‌కి ఒక్క ముక్క అందలేదు. మావాడు నోరు తెరుచుకుని విని, “నాన్నా, సగం అర్థమైంది, సగం తాతల భాషలా ఉంది” అన్నాడు. తర్వాత నాకోసం మామూలు జర్మన్‌లో నెమ్మదిగా చెప్పింది: ఇంట్లో ఇది, బడిలో ఇటాలియన్, మనవలకి అర్థమవుతుంది గానీ జవాబు ఇటాలియన్‌లోనే ఇస్తారట. అచ్చం మా ఇల్లే! నేను తెలుగులో అడుగుతా, వాడు జర్మన్‌లో చెప్తాడు.

చేతులు దులుపుకుని ఆవిడే ధాన్యం దాచే కొట్టు చూపించింది. దుంగలతో కట్టిన కొట్టు, చెక్క కాళ్ళ మీద నిలబడి ఉంటుంది, ఒక్కో కాలి పైన పళ్ళెం లాంటి బండ రాయి. ఎలుక కాలెక్కి వస్తుంది, రాయి అడుగుకి తల తగులుతుంది, అక్కడితో ఆగిపోవాల్సిందే. మావాడు కింద పడుకుని మరీ చూశాడు. మా తాతగారింట్లో గాదె ఉండేది, ఎలుకల సంగతి పిల్లికి వదిలేశాం, అది నిద్రపోయేది.

1938 నుంచి అక్కడ పాత ఇంట్లోనే మ్యూజియం ఉంది, చూడండి, బావుంటుంది. కానీ ఆ భాషని నిలబెట్టింది మ్యూజియం కాదు, మంచు అని నా గట్టి నమ్మకం. 1695లో, 1749లో మంచు చరియలు విరిగి ఊరి మీద పడి పదుల మందిని మింగాయి. చలికాలమంతా కింద లోయతో సంబంధం లేకపోతే ఇంట్లోవాళ్ళతో కాక ఇంకెవరితో మాట్లాడతారు? కోయంబత్తూరులో మా అత్తగారి తరఫువాళ్ళకి తెలుగు అక్షరం రాదు, అయినా తరాలుగా ఇంట్లో తెలుగే. జ్యూరిక్‌లో మా తెలుగు సంఘం వాళ్ళేమో ఉగాది పిలుపు ఇంగ్లీషులో పంపుతారు, యాంకరమ్మ పంచాంగ శ్రవణాన్ని కూడా ఇంగ్లీషులోనే పరిచయం చేస్తుంది. అడిగితే “పిల్లలకి అర్థం కావాలి కదండీ” అంటారు.

సరే, మీ ట్రిప్పు సంగతి. కిందికి బస్సులు తక్కువ, దిగగానే తిరుగు టైము ఫోటో తీసుకోండి. పులిహోర కట్టుకెళ్ళండి, పెద్దావిడ మాది రుచి చూసి కారం అనకుండా రెండోసారి పెట్టించుకుంది.