మందు మానేస్తే చదువు తలకెక్కుతుందా?

తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కిర్గిజ్‌స్తాన్‌లో, బిష్కెక్‌లో మెడిసిన్ రెండో ఏడు. సెలవులకి ఇంటికెళ్తే విజయవాడ డాక్టరుగారు డిప్రెషన్‌కి ఎస్సిటలోప్రామ్, రాత్రికి మత్తునిచ్చే క్లోనజెపామ్ రాశారు. అప్పట్నుంచీ ఎంత చదివినా గుర్తుండటం లేదు. సీనియర్లు మానేయమంటున్నారు. మానొద్దు. డాక్టరుని అడక్కుండా ఒక్క బిళ్ల కూడా తగ్గించొద్దు. నేను మానేసి అనుభవించినదాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

2004లో నేను రష్యాలో, వోల్గా ఒడ్డున ఒక ఊళ్లో చదివేదాన్ని. ఇంటి నుంచి తెచ్చుకున్న మందు పారాక్సెటిన్, నీ ఎస్సిటలోప్రామ్ లాంటిదే. డిసెంబరులో సాయంత్రం నాలుగు దాటితే చీకటి. జనవరి సెస్సియాలోపు, అంటే సెమిస్టర్ పరీక్షల్లోపు, జచ్యోత్‌లన్నీ, అంటే పాస్ కావాల్సిన టెస్టులన్నీ అయిపోవాలి, ఎగ్గొట్టిన క్లాసులకి బదులుగా చేయాల్సిన అత్రబోత్కాలు పేరుకుపోయి ఉన్నాయి. ఈ మాటలు నీకు తెలిసినవే, అక్కడా అవే. నోరెండిపోయేది, పగలు మగతగా ఉండేది. మందు వల్లే బుర్ర మొద్దుబారిపోతోందని ఎవరికీ చెప్పకుండా ఆపేశాను. రెండు మూడు రోజులకే తల తిరగడం, కళ్లు పక్కకి తిప్పితే తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, ఊరికే ఏడుపు. ఇక నిద్రన్నది లేదు.

హాస్టల్ కాపలా ఆవిడ జాలిపడి, రాత్రిళ్లు గ్లాసుడు నీళ్లలో కోర్వాలోల్ చుక్కలు వేసి ఇచ్చేది. హైదరాబాదు ఇళ్లలో జిందా తిలిస్మాత్ ఉన్నట్టు అక్కడ ఇంటింటా ఆ సీసా ఉంటుంది. అందులో ఫినోబార్బిటాల్ అనే మత్తుమందు ఉంటుందని ఫార్మకాలజీ చదివాకే నాకు తెలిసింది. మర్నాడంతా మత్తే. ఆ మత్తులోనే అనాటమీ వైవాకి వెళ్లి బిలియెత్, అంటే ప్రశ్న చీటీ, తీశాను. చేతికి వెళ్లే నరాల అల్లిక, బ్రేకియల్ ప్లెక్సస్ వచ్చింది. ముందురోజు రాత్రి రంగు పెన్సిళ్లతో కొమ్మకొమ్మా గీసిందే. ఒక్క నరం పేరు నోటికి రాలేదు.

ఇప్పుడు నీ మందుల సంగతి. నీకున్న రెంటిలో కొత్తగా చదివింది నిలవనివ్వకుండా చేసే గుణం క్లోనజెపామ్‌కి ఎక్కువ. పాత జ్ఞాపకాల జోలికి పెద్దగా పోదు, కొత్తవి పడటాన్నే అడ్డుకుంటుంది. రాత్రి వేసుకున్నది సగం దిగడానికే 30 గంటల పైన పట్టొచ్చు, అంటే పొద్దున లెక్చర్‌కి కూడా అది నీ ఒంట్లోనే ఉంటుంది. అలాగని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. మెల్లగా తగ్గించాలి, అదీ డాక్టరే తగ్గించాలి. ఎస్సిటలోప్రామ్ గుణం కనపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదట్లో వికారం, నిద్ర తేడాలు మామూలే. కొందరికి సంతోషమూ బాధా రెండూ చప్పబడినట్టు అనిపిస్తుంది. అది నిజంగానే మందు వల్ల కావచ్చు, మొహమాటపడకుండా డాక్టరుకి చెప్పు. డోసు మార్చొచ్చు, మందే మార్చొచ్చు. ఇంకోటి, డిప్రెషన్ తనంతట తానే ఏకాగ్రతనీ జ్ఞాపకశక్తినీ దెబ్బతీస్తుంది. మందుకి ముందు నీ చదువు ఎలా ఉండేదో నిజాయితీగా గుర్తు చేసుకో. పనిలో పనిగా థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్ చూపించుకో. జలుబుకనో నిద్రకనో ఇంటి నుంచి తెచ్చుకున్న అలర్జీ బిళ్ల ఏవిల్ వేసుకుంటుంటే దాని మత్తూ కలుస్తుంది. పిరాసెటామ్ వేసుకో, బుర్ర పాదరసంలా పనిచేస్తుందని రూమ్మేట్లు చెప్పే మాటలు వినకు.

ఇదంతా చెప్పాను గానీ, నా అసలు భయం వేరే. ఉత్తరంలో చివర ఒక వాక్యం రాశావు, అన్నం కూడా గదిలోనే తింటున్నానని. నన్ను మందు కంటే ఎక్కువ తినేసింది అదే. రోజుల తరబడి నోరు తెరిచి తెలుగులో మాట్లాడేదాన్ని కాదు. ఇంటికి చేద్దామంటే ఫోన్ కార్డు గీకి, అంత పొడుగు నంబరు కొట్టి, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ "బాగున్నానమ్మా" అనడం వరకే. మీకు చేతిలోనే వాట్సాప్ ఉంది, వీడియోలో అమ్మ మొహం కనపడుతుంది. అయినా మీ తరం పిల్లలు మాకంటే ఒంటరిగా కనిపిస్తున్నారు నాకు. వంటింట్లో పక్కపక్కన నిలబడి కూడా ఎవరి ఫోను వాళ్లదే.

వైవా పోయిన రోజు గుంటూరు సీనియర్ అక్క నన్ను చెయ్యి పట్టుకుని తన గదికి లాక్కుపోయింది. పప్పు వండి ఎదురుగా కూర్చోబెట్టి, తింటున్నంతసేపూ బ్రేకియల్ ప్లెక్సస్ నాచేత తెలుగులో చెప్పించింది. తప్పు చెబితే ముద్ద ఆపించి మళ్లీ మొదట్నుంచీ అడిగింది. మర్నాడు డాక్టరు దగ్గరికి తనే తోడొచ్చి, నాకు రాని రష్యన్ తను మాట్లాడింది. మందు మళ్లీ మొదలైంది, తర్వాత నెమ్మదిగా వేరేదానికి మార్చారు. పెరిస్దాచాలో, అంటే మళ్లీ పెట్టిన పరీక్షలో, గట్టెక్కాను. అప్పట్నుంచీ ఒక్కదాన్నే కూర్చుని చదవడం మానేశాను. బ్రిటన్‌లో డాక్టరుగా చేరడానికి రాసే ప్లాబ్ పరీక్షకీ అలాగే నలుగురితో కలిసి చదివాను, ఇవాళ బర్మింగ్‌హామ్‌లో డాక్టరుగా నిలబడ్డాను. నా క్లాసులో నాకంటే తెలివైనవాళ్లు చాలామందే ఉండేవాళ్లు. గది తలుపు వేసుకుని కూర్చున్నవాళ్లలో కొందరు మధ్యలోనే ఇంటికెళ్లిపోయారు.

ఇంట్లో తెలిస్తే పెళ్లి సంబంధాలకి అడ్డమని అమ్మ దాచమందని రాశావు. ఊరందరికీ చెప్పక్కర్లేదు. ఒక్క మనిషికి మాత్రం తెలిసుండాలి, నువ్వు క్లాసుకి రాకపోతే వచ్చి తలుపు కొట్టే మనిషికి. మందుల చీటీ అసలుది, బ్రాండు పేరుతో పాటు మందు పేరు కూడా ఉన్నది, పాస్‌పోర్టుతో పెట్టుకో. ఏ దేశంలోకి ఏ మందు తీసుకెళ్లొచ్చో ఆ ఎంబసీ సైట్లో చూసుకో.

ఒక సెమిస్టర్ వెనకబడితే అంతా పోయినట్టేనా అని అడిగావు. మన దేశంలో వైద్యవిద్యని చూసే జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) 2021 నిబంధనల ప్రకారం కనీసం 54 నెలల చదువు, అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్, చేరిన రోజు నుంచి పదేళ్లలోపు కోర్సు పూర్తి కావాలి. నీకు టైము ఉంది. విరామం తీసుకునే ముందు ఫీజు, వీసా సంగతి మీ డీన్ ఆఫీసులో కనుక్కో. విజయవాడ డాక్టరుగారికి రేపే ఫోన్ చెయ్యి, క్లోనజెపామ్ ఎప్పటిదాకా అని సూటిగా అడుగు. ఈ ఆదివారం ఎవరితో కలిసి వండుకున్నావో నాకు రాయి. రాయకపోతే నేనే ఫోన్ చేస్తాను.