చిన్న మ్యూజియం వాళ్లు కాన్ఫరెన్స్‌కి వెళ్లి ఏం చేయాలి?

ప్రశ్న: మా మ్యూజియంలో పనిచేసేది ఇద్దరమే. టికెట్లు ఇవ్వడం దగ్గర్నుంచి షోకేసులు తుడవడం, రిజిస్టర్ రాయడం వరకూ అన్నీ మేమే చూసుకుంటాం. చిన్న మ్యూజియంల ఉద్యోగుల కోసం రెండు రోజుల కాన్ఫరెన్స్ జరుగుతోంది. పంపించమని అడిగితే మా కార్యదర్శిగారు "ఉపన్యాసాలు వినడానికి అంత దూరం ఎందుకు?" అన్నారు. అక్కడికొచ్చేవాళ్లు పెద్ద చదువులు చదివినవాళ్లు, నాకు ఒక్కరూ పరిచయం లేరు, తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. వెళ్లమంటారా?

జవాబు: తప్పకుండా వెళ్లండి. కాకపోతే ఉత్త చేతులతో వెళ్లొద్దు, మీ స్టోర్ రూమ్‌లో మిమ్మల్ని బాగా ఇబ్బంది పెడుతున్న సమస్య ఒకటి పట్టుకుని వెళ్లండి.

ఉదాహరణకి మీ దగ్గర పాత పట్టు వస్త్రం ఒకటి మడతపెట్టి బీరువాలో ఉందనుకుందాం. మడత దగ్గర పోగులు తెగుతున్నాయి, పరిచి పెట్టడానికి చోటు లేదు. దాన్ని మొత్తంగా ఒక ఫోటో, ఆ మడతని దగ్గర్నుంచి ఇంకో ఫోటో తీయండి, పొడవు వెడల్పులు కొలవండి, గదిలో తేమ ఉదయం ఎంత, సాయంత్రం ఎంత అనేది కొన్నాళ్లు రాసిపెట్టుకోండి. "పాత బట్టలు ఎలా కాపాడాలి?" అని అడిగితే ఎవరైనా పుస్తకంలో ఉన్నదే చెప్తారు. అదే ఈ ఫోటో చూపించి అడిగారంటే, ఆసిడ్ లేని కాగితం చుట్టిన లావు గొట్టం మీద మడతలు లేకుండా దీన్ని చుట్టొచ్చా, లేక పోగులు అసలు ఆ మాత్రం కూడా తట్టుకోవా అని కన్జర్వేటర్, అంటే పాత వస్తువులు పాడవకుండా కాపాడే నిపుణులు, ఆలోచించి మరీ చెప్తారు. ఆ మాట కోసమే మీరు వెళ్లాలి, ఎందుకంటే మీ జీతాల్లోంచి కన్జర్వేటర్‌ని పిలిపించుకోలేరు కదా.

పెద్ద సభలకి, మీరు వెళ్లేదానికి తేడా ఉంది. 1946లో ఏర్పడిన అంతర్జాతీయ మ్యూజియంల మండలి, అంటే ఐకామ్, మూడేళ్లకోసారి మహాసభ జరుపుతుంది. అసలు మ్యూజియం అంటే ఏమిటన్న కొత్త నిర్వచనాన్ని 2022 ఆగస్టు 24న ప్రాగ్‌లో జరిగిన మహాసభలోనే ఆమోదించారు. అలాంటి చర్చలూ కావాలి, కాదనను. కానీ చిన్న మ్యూజియంల సభలో మీ పక్క కుర్చీలో కూర్చున్నవారికి కూడా ఒకటే స్టోర్ రూమ్, అందులోకి అదే తేమ, అవే పురుగులు! దుస్తులకీ కాగితానికీ వెలుతురు 50 లక్స్ (వెలుతురుని కొలిచే యూనిట్) దాటకూడదని వేదిక మీద చెప్తారు, అది పుస్తకాల్లోనూ దొరుకుతుంది, కిటికీలున్న పాత భవనంలో ఆ వెలుతురు ఎలా సాధించారో మాత్రం టీ విరామంలో ఆ పక్క కుర్చీ ఆయన్ని అడిగితేనే తెలుస్తుంది.

మాట ఎలా కలపాలా అని దిగులు పడకండి. "మీ స్టోర్‌లో తేమ ఎంతుంటుందండీ?" అంటే చాలు, మన పనిలో ఉన్నవాళ్లు అరగంట మాట్లాడతారు. డిగ్రీల సంగతి మర్చిపోండి, రోజూ వస్తువుల్ని చేత్తో పట్టుకునే మీకు తెలిసినవి వాళ్లలో చాలామందికి తెలియవు.

కార్యక్రమాల పట్టిక ముందే తెప్పించుకుని, అన్నిటికీ పరుగెత్తకుండా నిల్వ, పురుగులు, రిజిస్టర్ల మీద చేయించి చూపించే వర్క్‌షాపులకి ముందు పేరు ఇవ్వండి. సాంస్కృతిక సంపదని కాపాడే పని చూసే అంతర్జాతీయ సంస్థ ఇక్రామ్ తయారుచేసిన రీ-ఆర్గ్ పద్ధతి మీద ఏదైనా ఉంటే అస్సలు వదలొద్దు, డబ్బూ మనుషులూ తక్కువున్న మ్యూజియంలు తమ స్టోర్‌ని తామే సర్దుకోవడానికే దాన్ని రూపొందించారు. పెట్టెలూ కాగితాలూ అమ్మేవాళ్ల దగ్గర శాంపిల్స్ తీసుకోండి, ఆర్డర్ మాత్రం అక్కడికక్కడ ఇచ్చేయకండి.

ఇక కార్యదర్శిగారికి ఒక్క పేజీ రాసివ్వండి: మన సమస్య ఇది, దీని మీద ఫలానా వర్క్‌షాపు ఉంది, వచ్చాక నేను చేసే పని ఇది అని. ఫీజులో రాయితీ ఉందేమో నిర్వాహకుల్ని నేరుగా అడగండి, అడగడానికి మొహమాటం వద్దు.

ప్రశ్న: నేను జీతం లేకుండా సేవగా పనిచేస్తాను. ఇలాంటి సభలోనే పది నిమిషాలు మాట్లాడమన్నారు. మా మ్యూజియం చరిత్ర చెప్పనా?

జవాబు: చరిత్ర వద్దండీ, అది రెండు వాక్యాల్లో ముగించండి. మీరు చేసిన పని ఒకటి తీసుకోండి. పురుగు పట్టిన ఉన్ని వస్త్రాన్ని పాలిథిన్‌లో గాలి చొరకుండా కట్టి మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టారనుకోండి, ఎన్ని రోజులుంచారు, తీసిన వెంటనే కవరు విప్పకుండా ఎంతసేపు ఆగారు, ఎంత ఖర్చయింది, ఏది సరిగ్గా రాలేదు, అన్నీ చెప్పండి. రంగులు వేసిన కొయ్యబొమ్మల్లాంటి వాటికి ఇది పనికిరాకపోవచ్చని కూడా చెప్పాలి, లేకపోతే ఎవరైనా వెళ్లి అన్నిటినీ ఫ్రీజర్‌లో పెట్టేస్తారు. ఫోటోలు నాలుగైదు చాలు, చివర్లో ప్రశ్నలకి మూడు నిమిషాలు మిగల్చండి.