చిన్నా, పుదుచ్చేరిలో బండి అద్దెకు తీసుకునే ముందు ఇది చదువు

చిన్నాకు పెద్దమ్మ ఆశీస్సులు.

దీపావళి అయ్యాక నువ్వూ నీ స్నేహితుడూ మూడు రోజులకు పుదుచ్చేరి వస్తున్నారనీ, ఊరంతా కరెంటు మోపెడ్ అద్దెకు తీసుకుని తిరుగుతారనీ మీ అమ్మ చెప్పింది. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. నేను యానాం నుంచి బదిలీ మీద ఇక్కడికొచ్చి ఇరవై ఆరేళ్లయింది. రిటైరయ్యాక పెట్రోలు స్కూటర్ అమ్మేసి కరెంటు బండి కొన్నాను. మోపెడ్ అంటే నాకింకా పెడళ్లున్న లూనాయే గుర్తొస్తుందనుకో, అది వేరే సంగతి.

ముందు బండి మాట. అద్దెకు రెండు రకాలుంటాయి. ఒకటి గంటకు 25 కిలోమీటర్లు దాటనిది, 250 వాట్ల లోపు మోటారు ఉన్నది. దానికి రిజిస్ట్రేషనూ లైసెన్సూ అక్కర్లేదు. నీ స్నేహితుడికి లైసెన్సు లేదట కదా, వాడు దాంతోనే సర్దుకోవాలి. రెండోది మామూలు స్కూటర్లా పరుగెత్తేది. దానికి లైసెన్సు కావాలి. నంబరు ప్లేటు ఆకుపచ్చగా ఉండి, అక్షరాలు పసుపు రంగులో ఉన్నాయో లేదో చూడు. అక్షరాలు తెల్లగా ఉంటే అది ఎవరో సొంతానికి కొనుక్కున్న బండి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర మీ పీకకు చుట్టుకుంటుంది. ఒరిజినల్ లైసెన్సు దుకాణంలో వదిలి రావద్దు, జిరాక్సు చాలు. తీసుకునేటప్పుడే బండి చుట్టూ తిరిగి వీడియో తియ్యి, కింద బంపరుతో సహా. మా పక్కింటివాళ్ల బంధువొకాయన ఎప్పటిదో గీతకు రెండు వేలు కట్టి వచ్చాడు. ఆ దుకాణం పేరెందుకులే, ఏ దుకాణంలోనైనా నీ ఫోన్లో వీడియో ఉంటే నోరు లేవదు.

చార్జింగు మాట జాగ్రత్తగా విను. "వంద కిలోమీటర్లు వస్తుంది సార్" అంటారు. ఆ లెక్క కొత్త బ్యాటరీకి, ఒక్క మనిషికి, ఎదురుగాలి లేని రోడ్డుకి. అద్దె బండి బ్యాటరీ ఎంత మంది చేతులు మారిందో ఎవరికెరుక? డిస్‌ప్లేలో 100 శాతం చూసి మురిసిపోకుండా మొదటి ఐదు కిలోమీటర్లలో ఎంత తగ్గిందో చూడు. పది తగ్గితే ఆ బండికి యాభై కిలోమీటర్లే అనుకో, అందులోనూ చివరి పదీ దేవుడికి వదిలెయ్యి. చార్జరు డిక్కీలో ఉందో లేదో అక్కడే అడుగు. ఎండలో తిరిగొచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టకు, అరగంట నీడలో చల్లారనివ్వు.

ఇదంతా నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. ఊరికి పడమరగా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో కీళూరు అని చిన్న పల్లె ఉంది. 1954 అక్టోబరు 18న ఫ్రెంచి ప్రాంతాల ప్రజాప్రతినిధులు 178 మంది అక్కడ చేరి, భారత్‌లో కలవాలా వద్దా అని ఓటేశారు. 170 మంది కలుద్దామన్నారు, ఎనిమిది మంది వద్దన్నారు. మన యానాం అప్పటికే జూన్‌లో ఫ్రెంచివాళ్ల చేతిలోంచి బయటపడిపోయింది. ఆ స్మారకం చూడాలని నాకెప్పటి నుంచో కోరిక. పక్కింటావిడను వెనక కూర్చోబెట్టుకుని పొద్దున్నే బయల్దేరాను. వెళ్లేటప్పటికి బ్యాటరీ సగం కూడా కాలేదు. ఇంకేం, అంతే చార్జింగుతో తిరిగొచ్చేస్తాం అనుకుని చెట్టు కింద కబుర్లాడుతూ మధ్యాహ్నం మూడయ్యే దాకా కూర్చున్నాం. ఇక్కడ మధ్యాహ్నం దాటితే సముద్రం మీంచి గాలి లేస్తుంది. పడమర నుంచి ఊళ్లోకి వచ్చేవాడికి అది ముఖం మీదికే కొడుతుంది. విల్లియనూరు ఇంకా రాకముందే బండి నడక వేగానికి పడిపోయి, తర్వాత ఆగిపోయింది. టీకొట్టు దాకా ఇద్దరం తోసుకొచ్చాం. గంటన్నర ప్లగ్గు పెట్టనిచ్చి కొట్టాయన పైసా తీసుకోలేదు. మొహమాటానికి ఆరు టీలు తాగాం. నువ్వు కీళూరు వెళ్లాలనుకుంటే తెల్లారి వెళ్లి, పదకొండుకల్లా తిరుగుముఖం పట్టు. దారిలో విల్లియనూరు తిరుకామేశ్వరర్ గుడి దగ్గర ఆగు.

ఊళ్లో తిరగడానికి మాత్రం చార్జింగు టెన్షన్ అక్కర్లేదు. పాత పుదుచ్చేరి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, చుట్టూ బులవార్డులు, అంటే వెడల్పాటి రోడ్లు. ఒక చుట్టు చుడితే ఐదారు కిలోమీటర్లు. మధ్యలో ఉత్తర దక్షిణాలుగా ఒక కాలువ. దానికి తూర్పున ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు, పడమర మనవాళ్లు. 1761లో ఇంగ్లీషువాళ్లు ఊరిని నేలమట్టం చేశారు. ఇప్పుడు నువ్వు చూసే ఇళ్లూ వీధులూ ఆ తర్వాత మళ్లీ లేచినవే. వచ్చినవాళ్లందరూ కాలువకు తూర్పున పసుపు గోడల ముందు ఫొటోలు దిగి వెళ్లిపోతారు. నాకు అదే బాధ. ఆ తూర్పు భాగానికి అసలు బండే వద్దు. డ్యూమా వీధిలోనో సఫ్రెన్ వీధిలోనో నీడలో పెట్టేసి నడు. అరవిందుల ఆశ్రమం, మనకుళ వినాయగర్ గుడి, భారతి పార్కులో ఆయి మండపం, పక్కనే మ్యూజియం, అన్నీ నడక దూరమే. మ్యూజియానికి సోమవారం సెలవు. బీచ్ రోడ్డు మీదికి సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఏడున్నర దాకా బండ్లు రానివ్వరు. సూర్యోదయం చూడ్డానికి వెళ్లినా బండి వెనక వీధిలోనే వదలాలి. ఎర్ర టోపీ పోలీసుతో వాదనకు దిగకు.

బండి పనికొచ్చేది కాలువ దాటాకే. వైశ్యాళ్ వీధికి పొద్దున్నే వెళ్లు. మన గోదావరి పెంకుటిళ్ల అరుగుల్లాంటివే ఇంటింటికీ ఉంటాయి, ఇక్కడ తిన్నై అంటారు. ఆ వీధి ఇళ్లను బాగుచేసి నిలబెట్టినందుకు 2008లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. రంగపిళ్లై వీధిలో ఆనంద రంగ పిళ్లై ఇల్లు ఉంది. ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా, అంటే మాటలు తర్జుమా చేసే మనిషిగా పనిచేసినాయన, ఊళ్లో జరిగిందంతా పాతికేళ్లు డైరీ రాశాడు. దక్షిణం వైపు కాజీ వీధి, ముల్లా వీధి చుట్టూ ముస్లింల పేట, అదీ తిరుగు. ఒక్క జాగ్రత్త. ఈ బండికి చప్పుడుండదు కదా, పొద్దున్నే వాకిట్లో వంగి ముగ్గేస్తున్న ఆడవాళ్లు నువ్వు వస్తున్నట్టు కనిపెట్టరు. ముగ్గు తొక్కితే తిట్లు తమిళంలో పడినా అర్థమవుతాయి. దూరం నుంచే ఒక్కసారి చిన్నగా హారన్ కొట్టు. నెహ్రూ వీధి, మిషన్ వీధి వన్‌వేలు. సాయంత్రం అటు వెళ్లకపోవడమే మేలు.

మధ్యాహ్నం రైల్వే స్టేషను దగ్గర సేక్రెడ్ హార్ట్ చర్చిలో కాసేపు కూర్చుని, చల్లబడ్డాక దక్షిణాన అరికమేడు వెళ్లు. నాలుగైదు కిలోమీటర్లు. అక్కడేదో కోట ఉంటుందనుకుని వెళితే తిట్టుకుంటావు. ఏటి ఒడ్డున చెట్లు, పాత ఇటుక గోడలు, అంతే. కానీ 1945లో పురావస్తు శాఖ మోర్టిమర్ వీలర్ అక్కడ తవ్వితే రోము వాళ్ల ద్రాక్షసారా జాడీల పెంకులూ, ఇటలీ మట్టి పళ్లాల ముక్కలూ దొరికాయి. పూసలు చేసి సముద్రం మీద పంపిన ఊరది. దొరికినవి మ్యూజియంలో ఉన్నాయి కాబట్టి ముందు అక్కడ చూసి, తర్వాత ఇక్కడికి రా.

ఆరోవిల్ ఉత్తరాన పది పన్నెండు కిలోమీటర్లు. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద బస్సులు గాలిలా వస్తాయి. గంటకు పాతిక కిలోమీటర్లు దాటని బండితో ఆ రోడ్డెక్కొద్దని నీ స్నేహితుడికి చెప్పు. కావాలంటే నీ వెనక కూర్చోబెట్టుకో, వాడికీ హెల్మెట్ పెట్టించు. ఆరోవిల్‌లోని ధ్యాన మందిరం, మాతృమందిరం, లోపలికి ముందుగా బుక్ చేసుకోవాలి, బయట నుంచి చూడ్డానికి వేరే పాసు.

ఇంకోటి. ఇక్కడ మందు చౌక, అందుకే శని ఆదివారాల్లో రోడ్డు మీద సగం మంది ఊగుతుంటారు. మీరు తాగుతారో లేదో నేనడగను. తాగితే ఆ రాత్రి తాళం నాకివ్వండి. సీసాలు డిక్కీలో పెట్టుకుని హద్దు దాటారా, తమిళనాడు చెక్‌పోస్టులో నేనొచ్చి విడిపించలేను.

మీరొచ్చేది వానల కాలం. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను ఇక్కడే తీరం దాటినప్పుడు మా వీధి చెరువైపోయింది. వాన పడితే నీళ్లలోకి బండి దించకు, అడుగున ఏముందో తెలియదు. కాసేపు అరుగెక్కి కూర్చో, ఎవరూ పొమ్మనరు.

రాత్రికి బండి మా గేటు లోపల పెట్టు, ప్లగ్ పాయింటు మెట్ల కిందే ఉంది. వచ్చేటప్పుడు కాకినాడ గొట్టం కాజాలు రెండు కేజీలు పట్రా. ఒక కేజీ పక్కింటావిడకు, ఆ రోజు ఎండలో బండి తోసిన బాకీ ఇంకా తీరలేదు.

ఉంటాను,
మీ పెద్దమ్మ