మిగులు గుడ్డల బొంత: గళ్లు అలలు తేలి, మూలలు కలవకపోతే

తేడా మీ కుట్టులో కాదు, కోతలో ఉంది. మిగులు ముక్కల్ని అందినట్టు కత్తిరిస్తే కొన్ని అంచులు ఐమూలగా, అంటే నేత దారాలకు ఏటవాలుగా, పడతాయి. ఆ అంచు లాగితే సాగుతుంది. దానికి అడుగు గుడ్డ ఆసరా ఇవ్వండి:

1. పల్చటి పాత నూలు గుడ్డను 7 అంగుళాల చదరాలుగా కోయండి.
2. మధ్యలో ఒక ముక్క పెట్టి, రెండోదాన్ని దానిమీద బోర్లించి, అడుగు గుడ్డతో కలిపి పావు అంగుళం లోపలికి కుట్టి తిప్పండి. చదరం నిండేదాకా ఇంతే. అదే ఒక గడి.
3. ప్రతి కుట్టుకీ ఇస్త్రీ. పెట్టెను రుద్దకండి, నొక్కి ఎత్తండి. రుద్దితే ఐమూల మళ్లీ సాగుతుంది.
4. చాలామంది వదిలేసేది ఇదే: గడి పూర్తయ్యాక ఆరున్నర అంగుళాలకు కోయాలి. ఆరున్నర అంగుళాల అట్టను చదరంగా కోసి పెట్టుకోండి. ప్రతి గడినీ బోర్లించి, అట్ట పెట్టి, గీత గీసి కోయండి. కంటికి సమంగానే ఉందిలే అనుకోవద్దు. గడికి పావు అంగుళం తేడా ఉన్నా నాలుగు గళ్లకు అంగుళం అవుతుంది.

ఇలాంటివి 12, వరుసకు మూడు చొప్పున నాలుగు వరుసలు కలిపితే, ప్రతి అంచునా పావు అంగుళం కుట్టులో పోయి 18×24 అంగుళాల బొంత వస్తుంది. ఇప్పటికే కుట్టినవి విప్పకండి, పాపం అంత శ్రమ! వెనక అడుగు గుడ్డ వేసి టాకాలు పట్టి, అన్నిట్లో చిన్న గడి కొలతకు మిగతావి కోసేయండి.